గర్భసంచి పోయిన బాధే పాఠమైంది

లూపు వేసేటప్పుడు అది ఎటువంటిదో, వేశాక నొప్పి వస్తే ఏం చేయాలో ఎందరు స్త్రీలకు విడమరిచి చెబుతారు? ఆ మాట చెప్పేవారు లేక 23 ఏళ్లకే గర్భసంచి పోగొట్టుకున్న ఒక నల్లజాతి యువతి, తరువాత అదే ప్రశ్నను అమెరికా దేశమంతా తిరిగి అడిగారు. చివరకు కాలేజీ తరగతి గదిలో పాఠంగా బోధించారు. ఆమే లొరెట్టా రాస్.

చదువుకు అడ్డంకి

రాస్ 1953లో టెక్సాస్ రాష్ట్రంలోని టెంపుల్ పట్టణంలో జన్మించారు. ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. చదువులో చురుకైన ఆ పిల్ల, దూరపు బంధువు చేసిన అత్యాచారం వల్ల 1969లో 15వ ఏట మగబిడ్డకు తల్లి అయింది. బిడ్డను పెంపకానికి ఇచ్చేయాలని ముందు అనుకున్నా, తీరా పుట్టాక మనసొప్పలేదు. దాంతో ఒక పేరున్న కాలేజీ ఇస్తామన్న స్కాలర్‌షిప్ రద్దయింది. అయినా పట్టు విడవక 1970లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. డిగ్రీ మాత్రం అప్పట్లో చేతికి రాలేదు.

వత్తిలా పాకిన విషం

ఆ రోజుల్లోనే ఆమె 'డాల్కన్ షీల్డ్' అనే లూపు వేయించుకున్నారు. పీత ఆకారంలో ఉండే ఈ ప్లాస్టిక్ సాధనం 1971లో అమెరికా బజారులోకి వచ్చింది. 20 లక్షల మందికి పైగా అక్కడి స్త్రీలు దీనిని వాడారు. లోపం దాని తోక దారంలో ఉంది. వందలాది సన్నని పోగులను కట్టగా చేర్చి పైన తొడుగు వేశారు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు ఆ పోగులు సూక్ష్మక్రిములను గర్భసంచిలోకి లాగాయి. (నేడు మన ఆస్పత్రులలో వేసే కాపర్-టి దారం ఒంటిపోగుది.)

1974లో అమెరికాలో దీని అమ్మకం ఆపారు. కాని అప్పటికే వేయించుకున్నవారు తీయించుకోవాలని కంపెనీ దేశమంతటా ప్రకటనలు ఇచ్చింది 1984లో గాని కాదు.

ఈలోగా రాస్‌కు జబ్బు చేసింది. వైద్యుడు వేరే వ్యాధి అనుకుని నెలల తరబడి మందులిచ్చారు. 1976లో ఆమె స్పృహ కోల్పోయారు. మెలకువ వచ్చేసరికి గర్భసంచి తీసేశారు. ఇక మరో బిడ్డ లేదు. లూపు వల్లే ఇదంతా జరిగిందని తెలిశాక ఆమె కంపెనీపై దావా వేసి పరిహారం పొందారు. దావాల భారంతో ఆ కంపెనీ 1985లో దివాలా తీసింది.

మూడు హక్కులు

1979లో రాస్ వాషింగ్టన్‌లో అత్యాచార బాధితులకు అండగా ఉండే కేంద్రానికి డైరెక్టరయ్యారు. అక్కడి నుంచి ఆమె జీవితమంతా ఉద్యమమే. ఆనాడు అమెరికాలో వాదమంతా గర్భస్రావం కావాలా, వద్దా అన్నదానిపైనే నడిచేది. పేద స్త్రీల గోడు అంతటితో తీరదని 1994 జూన్‌లో షికాగోలో కూడిన 12 మంది నల్లజాతి స్త్రీలు తేల్చిచెప్పారు. వారిలో రాస్ ఒకరు. వద్దనుకుంటే బిడ్డను కనకుండా ఉండే హక్కు, కావాలనుకుంటే కనే హక్కు, కన్న బిడ్డను భద్రంగా పెంచుకునే హక్కు, ఈ మూడూ కలిస్తేనే న్యాయమన్నది వారి ఆలోచనకు సారం. దీనికి 'పునరుత్పత్తి న్యాయం' అని పేరు పెట్టారు. బలవంతాన పిల్లలను కనిపించినా, బలవంతాన ఆపరేషన్ చేసినా రెండూ అన్యాయమే కదా!

1997లో 'సిస్టర్‌సాంగ్' సంస్థ స్థాపనలో రాస్ పాలుపంచుకున్నారు. 2004 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో లక్షలాది మందితో సాగిన మహిళల ఊరేగింపు నిర్వాహకులలో ఆమె ఒకరు.

50 దాటాక పట్టా

ఆగిన డిగ్రీని రాస్ 2007లో పూర్తి చేశారు. అప్పటికి వయసు 50 దాటింది. తరువాత అధ్యాపక వృత్తిలోకి వచ్చి, 2019లో మసాచుసెట్స్‌లోని స్మిత్ మహిళా కళాశాలలో చేరారు. తప్పు చేసినవారిని నలుగురిలో నిలదీసి దూరం చేసుకోవడం కన్నా, దగ్గరకు పిలిచి నచ్చచెప్పడం మేలని విద్యార్థినులకు నేర్పారు. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుకు రాజ్యాంగ రక్షణ తొలగించింది. కొద్ది నెలలకే రాస్‌కు ప్రతిష్ఠాత్మకమైన మెకార్థర్ ఫెలోషిప్ లభించడం గమనార్హం.

మన దగ్గరా అదే ప్రశ్న

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1985లో హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరులో 'నెట్-ఎన్' గర్భనిరోధక ఇంజక్షను ప్రయోగం తలపెట్టారు. ఇది ప్రయోగమని స్త్రీలకు సరిగా చెప్పలేదంటూ స్త్రీ శక్తి సంఘటన తదితరులు 1986లో సుప్రీంకోర్టుకెక్కారు. 2016లో మరో కేసులో అదే కోర్టు, కు.ని. శస్త్రచికిత్సకు ముందు వివరాలన్నీ అర్థమయ్యే భాషలో చెప్పాలని, ఆలోచించుకోవడానికి గంటసేపైనా వ్యవధి ఇవ్వాలని ఆదేశించింది.

ఆ గంట స్త్రీలది. కాగితంపై వేలిముద్ర వేసే ముందు అందులో ఏముందో చదివి చెప్పమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.