తీరం కాపలాకు నెలజీతమట!

మా పక్క పేటలో ఒక కుర్రాడు వల కొనడానికి దాచుకున్న డబ్బును 'రిజిస్ట్రేషన్ ఫీజు' కింద ముక్కూమొహం తెలియనివాడికి యూపీఐలో పంపేశాడు. యుద్ధం వస్తే ఒడ్డున నిలబడి సముద్రం మీద కన్నేసి ఉంచే సివిల్ డిఫెన్స్ ఉద్యోగమట. నెలజీతం, పీఎఫ్, ఆపైన పర్మినెంటు. 2025 మే 7న విశాఖలో, హైదరాబాద్‌లో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ జరిపాక ఇలాంటి మెసేజ్ నాకూ వచ్చింది. కుర్రాడికి డబ్బుకు బదులు ఒక ఐడీ కార్డు పీడీఎఫ్ అందింది. దాని మీద మూడు సింహాలు, రెండు స్పెల్లింగు తప్పులు ఉన్నాయి.

సివిల్ డిఫెన్స్ ఉద్యోగం కాదు. 1968 నాటి చట్టం ప్రకారం కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి కంట్రోలరుగా ఉంటారు. చేయగలిగి, ఇష్టపడి వచ్చినవాళ్లను చేర్చుకుంటారు. జీతం అందేది కార్యాలయం నడిపే కొద్దిమందికే. తక్కినవాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, పిలిచినప్పుడు వస్తారు.

మెసేజ్ చివర చరిత్ర పాఠం ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో కోస్ట్‌వాచర్లకు జీతాలు కుమ్మరించారట. ఎవరిచ్చారు నాయనా? 1922లో ఆస్ట్రేలియా నౌకాదళం ఆ ఏర్పాటు మొదలుపెట్టినప్పుడు తీరాన్ని కనిపెట్టుకుని ఉన్నది పోస్టుమాస్టర్లు, తోటల యజమానులు, మిషనరీలు. అదీ పైసా తీసుకోకుండా. యుద్ధం మొదలయ్యాక కూడా చాలామంది మామూలు పౌరులే. 1942 మార్చిలో బూకా దీవిలో వాళ్లలో ఒకరైన పెర్సీ గుడ్ అనే పెద్దాయనను జపాన్ సైనికులు చంపేశారు. నౌకాదళానికి అప్పుడు గానీ మెలకువ రాలేదు. యూనిఫారం, ర్యాంకు ఉంటే పట్టుబడినా గూఢచారి కింద లెక్కగట్టరేమో, చనిపోతే ఇంట్లోవాళ్లకు పెన్షనన్నా వస్తుందని ఆ తర్వాత హోదాలిచ్చారు. కుమ్మరించిన జీతాల కథ అంతే.

అయితే ఒకటి ఒప్పుకోక తప్పదు. సివిల్ డిఫెన్స్‌లో డబ్బు అసలే రాదనడమూ అబద్ధమే. డ్యూటీకి పిలిచిన రోజులకు భత్యం ఉంటుంది. ఢిల్లీలో ఈ వాలంటీర్లనే బస్సు మార్షళ్లుగా పెట్టి, రోజుల లెక్కన డబ్బిస్తూ ఏళ్ల తరబడి పని చేయించుకున్నారు. చూసేవాళ్లకు అది జీతంలాగే కనిపించింది. 2023 నవంబరులో సుమారు 10,000 మందిని ఒక్క దెబ్బతో ఇంటికి పంపినప్పుడు జీతానికీ భత్యానికీ తేడా వాళ్లకు తెలిసొచ్చింది.

తుపాకీ ఇస్తారా? ఇవ్వరు. మాజీ సైనికులే చేరాలా? అక్కర్లేదు. ఇంటర్ మెమో? నాలుగో తరగతి చాలు, 18 ఏళ్లు నిండితే సరి.

చేరాలనుంటే కలెక్టరేటుకు వెళ్లి అడగండి. ఫీజు మాట ఎత్తినవాడు దొంగ. సముద్రంలో అనుమానంగా పడవ కనిపిస్తే చెప్పడానికి ఏ కార్డూ అక్కర్లేదు. కోస్ట్ గార్డుకు 1554, మెరైన్ పోలీసులకు 1093, ఫోన్ ఖర్చు కూడా ఉండదు. ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు నలుగురూ నవ్వుతారని దాచుకోకండి, ఈ రోజే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.