గల్ఫ్ వెళ్ళే తల్లీ, మాస్లో చెప్పిన వరసా

మనిషి అవసరాలకు ఒక వరస ఉందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం మాస్లో 1943లో ఒక వ్యాసంలో రాశాడు. ముందు తిండీ నిద్రా, తర్వాత భద్రత, ఆపైన ప్రేమ, గౌరవం, చివరికి తనలోని శక్తిని పూర్తిగా వెలికి తెచ్చుకోవడం. కోనసీమలో రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్ళే ఆడవాళ్ళ బతుకుని ఈ వరసతో పోల్చి చూస్తే లెక్క కుదరదు. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు మీద గల్ఫ్‌లో పనికి వెళ్ళే మహిళకు 30 ఏళ్ళు నిండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. ఆ వయసుకి చాలామందికి పిల్లలుంటారు. వాళ్ళని అమ్మమ్మ దగ్గర వదిలి, ముక్కూమొహం తెలియని ఇంట్లో యజమాని దయ మీద బతకడానికి ఆ తల్లి విమానం ఎక్కుతుంది. ప్రేమనీ భద్రతనీ పణంగా పెట్టి ఆమె సంపాదించేది అప్పు తీరే దారి, పిల్లల ఫీజులు, కుదిరితే ఒక డాబా ఇల్లు.

డబ్బంటే భద్రతే కదా, మాస్లో చెప్పినట్టే జరిగింది అని ఎవరైనా అనవచ్చు. కానీ ప్రమాదం ఆమెది, భద్రత పిల్లలది. మాస్లో లెక్క ఒక్క మనిషిది, ఈ ఇళ్ళలో లెక్క కుటుంబానిది. పైగా ఏం జరిగినా సిద్ధాంతానికి సరిపడేలా సర్దుకుంటూ పోతే అది శాస్త్రం కాదు. ఏది కనిపిస్తే తన మాట తప్పవుతుందో ముందే చెప్పగలగాలి. మాస్లోకి న్యాయం చెయ్యాలంటే ఒకటి ఒప్పుకోవాలి: ఈ వరస తారుమారయ్యే మనుషులుంటారని, ఒక అవసరం నూటికి నూరుపాళ్ళూ తీరితేనే ఇంకొకటి పుడుతుందనుకోవద్దని ఆయనే ఆ వ్యాసంలో రాశాడు. ఆ జాగ్రత్త, తర్వాతివాళ్ళు గీసిన పిరమిడ్ బొమ్మలోకి ఎక్కలేదు.

కోనసీమ ఒక్కదాన్ని చూసి సిద్ధాంతాన్ని కొట్టేస్తామా? కొట్టెయ్యకూడదు. ఒక ప్రాంతపు అనుభవం ప్రశ్న లేవదీస్తుంది, జవాబుకి చాలా చోట్ల చాలామందిని అడగాలి. మనస్తత్వ శాస్త్రవేత్తలు లూయీ టే, ఎడ్ డీనర్ అలా 123 దేశాల సర్వే సమాచారాన్ని పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. అవసరాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి, కానీ కింది అవసరం పూర్తిగా తీరకపోయినా పై అవసరం తీరితే మనిషికి మేలు జరుగుతూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళ అవసరాలు తీరడం కూడా మన జీవితాన్ని మెరుగుపరుస్తోందని వాళ్ళకి తేలింది. అందుకే గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ము మాత్రమే లెక్కేసి ఆ తల్లి బాగుందనుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో చేసిన చట్టం రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదంది, వారానికో సెలవు ఇమ్మంది. ఆ సెలవునాడు ఫోన్‌లో బిడ్డ మొహం చూసుకోవడం జీతం తర్వాత దొరికే సౌకర్యం కాదు, జీతంతో సమానమైన అవసరం. ఏజెంటు వీసా కాగితాలు చూపించినప్పుడు జీతమెంత అని అడిగినట్టే ఫోన్ నా దగ్గరే ఉండనిస్తారా అనీ అడగాలి, ఆ మాట ఒప్పందంలో రాయించుకోవాలి.