సూరత్‌లో కేక్ డెకరేషన్ వర్క్‌షాపులు: క్రీమ్ పూలు ఒక్కటే నేర్చుకుంటే సరిపోతుందా?

పుట్టినరోజుకు కేకు కోయడం ఇప్పుడు పెద్దిళ్లకే పరిమితమైన వేడుక కాదు. కార్మికవాడల్లోనూ అర కిలో కేకు లేకుండా పిల్లల పుట్టినరోజు గడవడం లేదు. ఈ గిరాకీ వల్ల దేశవ్యాప్తంగా ఇంటి వంటగదే బేకరీగా మారుతోంది. దాని వెంటే కేక్ డెకరేషన్ నేర్పే క్లబ్బులు, ఒకరోజు వర్క్‌షాపులు, డెమోలు కూడా వచ్చాయి.

సూరత్ లాంటి నగరంలో ఈ శిక్షణకు కొన్ని ప్రత్యేక అవసరాలు ఉన్నాయి. కొనేవారిలో ఎక్కువమంది గుడ్డు లేని కేకే అడుగుతారు. గాలిలో తేమ ఎక్కువ. ఇంటి దగ్గరే నాలుగు డబ్బులు సంపాదించాలనుకునే మహిళలూ ఎక్కువే. వారిలో మరమగ్గాల మీద పని కోసం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల వారూ ఉన్నారు. ఈ శిక్షణల్లో ఏం నేర్పుతారు, నేర్చుకునేవారు ఏం అడిగి తెలుసుకోవాలి?

క్లబ్ అంటే ఏమిటి, డెమోకూ వర్క్‌షాపుకూ తేడా ఏమిటి?

కేక్ డెకరేషన్‌ను తరగతి గదిలో నేర్పే పద్ధతికి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. అమెరికాలోని షికాగోలో డ్యూయీ మెకిన్లీ విల్టన్ 1929లో ఈ విద్య నేర్పడం మొదలుపెట్టారు. ఆయన పేరుతో వచ్చిన నాజిళ్లు, పద్ధతులు ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. అమెరికాలో 1976లో ఇంటర్నేషనల్ కేక్ ఎక్స్‌ప్లొరేషన్ సొసైటీ, బ్రిటన్‌లో 1981లో బ్రిటిష్ షుగర్‌క్రాఫ్ట్ గిల్డ్ ఏర్పడ్డాయి. వీటి పని తీరు సులువు. సభ్యులు నిర్ణీత రోజుల్లో కలుస్తారు. చెయ్యి తిరిగిన ఒకరు చేసి చూపిస్తారు. మిగతావారు తాము చేసినవి తెచ్చి పదిమందికీ చూపించి తప్పొప్పులు తెలుసుకుంటారు.

మన దేశంలో బెంగళూరులో ఏటా డిసెంబరులో జరిగే కేక్ షో 1970లలో మొదలైంది. పంచదారతో కట్టిన కోటలు, ప్రార్థనాలయాల నమూనాలు చూడటానికి జనం టికెట్ కొనుక్కుని మరీ వెళ్తారు.

డెమో, వర్క్‌షాపు, సమావేశం అనే మాటలను ఒకే అర్థంలో వాడేస్తున్నారు కానీ ఈ మూడూ వేరు. డెమోలో గురువు చేస్తారు, మిగతావారు చూస్తారు. బేకరీ సామగ్రి అమ్మే దుకాణాలు, క్రీమ్ కంపెనీలు పెట్టే డెమోలు చాలావరకు తమ సరుకు పరిచయం కోసమే. వర్క్‌షాపులో ప్రతి ఒక్కరి ముందూ టర్న్‌టేబుల్, కేకు, క్రీమ్ సంచి ఉంటాయి, చేత్తో చేయాల్సిందే. క్లబ్ సమావేశంలో సభ్యులు తమకు ఎదురైన ఇబ్బందులు చెప్పుకుంటారు. క్రీమ్ ఎందుకు విరిగింది, రెండంతస్తుల కేకు దారిలో ఎందుకు వాలిపోయింది అనే ప్రశ్నలకు జవాబు దొరికేది ఎక్కువగా అక్కడే. డెమో చూసి వచ్చి పని వచ్చేసిందనుకుంటే మొదటి ఆర్డరుకే ఇబ్బంది పడాల్సి వస్తుంది.

సూరత్‌కు బేకరీ కొత్త కాదు

మొఘలుల కాలంలో సూరత్ పశ్చిమ తీరంలో ప్రధాన రేవు. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్, డచ్ వర్తకులు ఇక్కడ స్థావరాలు పెట్టారు. డచ్ వారి కోసం రొట్టెలు కాల్చిన పార్సీలే వారు వెళ్లిపోయాక ఆ పొయ్యిని నడిపారని నగరంలో చెప్పుకుంటారు. నాన్‌ఖటాయి, సుర్తీ బటాసా అలా పుట్టినవేనంటారు. 1861 నుంచి నడుస్తున్నట్టు చెప్పుకునే దోటీవాలా బేకరీ ఈ వారసత్వానికి గుర్తు.

ఆ రోజుల్లో పిండి పులియడానికి కల్లు వాడేవారనీ, కల్లూ గుడ్డూ ముట్టని స్థానికులు రొట్టెలకు దూరంగా ఉండేవారనీ అదే కథలో చెబుతారు. అందులో నిజమెంతో గానీ, బేకరీ సరుకు కొనేముందు ‘ఇందులో ఏం కలిపారు’ అని అడిగే అలవాటు మాత్రం సూరత్‌లో ఇప్పటికీ ఉంది. జైనులు, వైష్ణవులు ఎక్కువగా ఉన్న నగరంలో ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పలేని బేకరు నిలబడటం కష్టం.

గుడ్డు తీసేస్తే కేకు ఎలా నిలబడుతుంది?

కేకులో గుడ్డు మూడు పనులు చేస్తుంది. వేడికి గట్టిపడి కేకుకు బలాన్నిస్తుంది. నూనెను, నీటిని కలిపి ఉంచుతుంది. గిలక్కొడితే గాలిని పట్టి ఉంచి కేకును పొంగిస్తుంది. గుడ్డు తీసేసినప్పుడు ఈ మూడు పనులనూ మరొకటేదో చేయాలి.

పెరుగు, వంటసోడా కలిస్తే పెరుగులోని ఆమ్లం వల్ల కార్బన్ డయాక్సైడ్ వెలువడి పిండి పొంగుతుంది. వెనిగర్ కలిపినా ఇదే జరుగుతుంది. కండెన్స్‌డ్ మిల్క్ చెమ్మను, పాల ప్రోటీన్‌ను అందిస్తుంది. అయితే ఆ వాయువు కలిపిన వెంటనే పుడుతుంది కాబట్టి పిండిని పక్కన పెట్టి మరో పని చూసుకోవడానికి వీల్లేదు, వెంటనే ఒవెన్‌లోకి వెళ్లాలి. ఎక్కువసేపు కలిపినా మైదాలోని గ్లూటెన్ బిగుసుకుని కేకు రబ్బరులా సాగుతుంది.

డెకరేషన్ మొదలయ్యేది కూడా ఇక్కడే. గుడ్డు లేని కేకు మెత్తగా, తేలిగ్గా పొడిరాలేలా ఉంటుంది. అందుకే ముందు పలుచగా ఒక పూత క్రీమ్ రాసి, ఫ్రిజ్‌లో బిగిసాక అసలు పూత వేయాలి. రాలిన పొడి ఆ మొదటి పూతలోనే అంటుకుపోతుంది. రెండంతస్తుల కేకైతే లోపల ఊతకర్రలు, మధ్యలో అట్ట తప్పనిసరి. ఇవి లేకుండా పై అంతస్తు బరువు మొత్తం కింది కేకు మీద పడితే దారిలో ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు అది కూలిపోవడానికి.

గుడ్డు లేకపోతే శాకాహారమేనా?

చాలా వర్క్‌షాపుల్లో చెప్పకుండా వదిలేసే విషయం ఇది. కేకులో గుడ్డు లేకపోయినా పైన వేసిన అలంకరణలో జంతు సంబంధమైన పదార్థాలు ఉండొచ్చు.

పంచదార ముద్దలా ఉండే ఫాండెంట్ సాగడానికి కొన్ని రకాల్లో జెలటిన్ వాడతారు. అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసినది. మార్ష్‌మాలోల సంగతీ సాధారణంగా అంతే. కార్మైన్ అనే ఎరుపు రంగును కొచినీల్ పురుగుల నుంచి తీస్తారు. రాయల్ ఐసింగ్ కోసం వాడే మెరింగ్ పౌడర్‌లో ఉండేది ఎండబెట్టిన గుడ్డు తెల్లసొన. భారత ఆహార నిబంధనల ప్రకారం గుడ్డు సహా జంతు సంబంధ పదార్థం ఉన్న ఆహారం మాంసాహారం కిందికే వస్తుంది. పాలు, తేనె, మైనం, లక్క లాంటి కొన్నింటికి మాత్రమే మినహాయింపు.

వీటికి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. అగర్ అగర్, మొక్కల నుంచి తీసిన జిగుర్లతో చేసిన ఫాండెంట్లు దొరుకుతున్నాయి. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకుని కొంటే చాలు. పుణెకు చెందిన కేక్ కళాకారిణి ప్రాచీ ధబల్ దేబ్ గుడ్డు లేని రాయల్ ఐసింగ్‌తో మిలాన్ కెథెడ్రల్ నమూనాను దాదాపు 100 కిలోల బరువుతో కట్టి 2022లో రికార్డు పుస్తకానికి ఎక్కారు. ‘గుడ్డు లేకపోతే సున్నితమైన పని రాదు’ అనే మాటకు అదే సమాధానం.

తేమ, ఎండ: అసలు పరీక్ష

అరేబియా సముద్రానికి దగ్గరగా, తాపీ నది ఒడ్డున ఉన్న నగరం సూరత్. పంచదార గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫాండెంట్ కేకు వానాకాలంలో కొద్ది నిమిషాల్లోనే చెమట పట్టినట్టు తడిసిపోతుంది, రంగులు కారిపోతాయి. వెన్న శరీర ఉష్ణోగ్రత కన్నా తక్కువ వేడికే కరిగిపోతుంది కాబట్టి మే నెలలో బటర్‌క్రీమ్ గులాబీ నిలబడదు. చల్లటి దేశాల వారు తీసిన వీడియోలు చూసి కొలతలు అలాగే పాటిస్తే పని చెడేది ఇందుకే.

ఇక్కడ ఎక్కువమంది వాడేది మొక్కల నూనెతో చేసిన విప్పింగ్ క్రీమ్. గడ్డకట్టి వచ్చే ఈ క్రీమ్‌ను ఫ్రిజ్‌లోనే నెమ్మదిగా కరగనిచ్చి, ఇంకా చల్లగా ఉండగానే గిలక్కొట్టాలి. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే పాడవుతుంది. వనస్పతి తరహా కొవ్వుల్లో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 జనవరి నుంచి పరిమితి పెట్టింది. పేరులేని డబ్బాలో చవగ్గా దొరికే క్రీమ్‌లో అది ఎంత ఉందో తెలుసుకునే దారి లేదు.

రంగులు, మెరుపుల వెనుక ప్రమాదం

2024లో కర్ణాటక ఆహార భద్రత అధికారులు బేకరీల నుంచి సేకరించిన 235 కేకు నమూనాల్లో 12 సురక్షితం కావని తేలింది. వాటిలో కృత్రిమ రంగులు పరిమితికి మించి ఉన్నాయి. మన దేశంలో ఆహారంలో అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే. అవీ కిలోకు మిల్లీగ్రాముల లెక్కన కలపాలి. ముదురు ఎరుపు, నలుపు రంగుల కేకులు అడిగినప్పుడు రంగు తెలియకుండానే ఎక్కువైపోతుంది. ఎరుపుకు బీట్‌రూట్, నలుపుకు కోకో ఆధారంగా మొదలుపెడితే రంగు వాడకం తగ్గుతుంది. రంగు కలిపిన క్రీమ్ కొన్ని గంటలు నిలిస్తే ముదురుతుందన్న సంగతి తెలిస్తే వృథాగా కలపడమూ తగ్గుతుంది.

మెరుపు పొడుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 2018లో పుట్టినరోజు కేకు తిన్న పిల్లలు వాంతులు, విరేచనాలతో అస్వస్థులయ్యారు. కేకు మీద పూసిన గులాబీ బంగారు రంగు పొడిలో రాగి ఎక్కువగా ఉన్నట్టు దర్యాప్తులో తేలింది. డబ్బా మీద ‘విషరహితం’ అని ఉంటే అది తినదగినదని అర్థం కాదు. ‘తినదగినది’ అన్న మాట, పదార్థాల జాబితా, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మూడూ ఉండాలి.

తాజా పూలతో అలంకరించేటప్పుడూ ఇదే జాగ్రత్త. గన్నేరు విషమని మన పెద్దలకు తెలుసు, కానీ అందంగా ఉందని కేకు మీద గుచ్చేవారూ ఉంటారు. మార్కెట్ గులాబీల మీద పురుగుమందు ఉండే అవకాశం ఉంది కాబట్టి కాడ నేరుగా కేకులో దిగకుండా చూడాలి.

లెక్క కుదిరితేనే వ్యాపారం

సూరత్‌లో లింబాయత్, ఉధనా లాంటి ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు దశాబ్దాలుగా ఉంటున్నాయి. పాత కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు వీరిలో ఎక్కువ. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడిపింది. మగవారు మగ్గం మీద ఉంటే, ఆడవారిలో చాలామంది ఇంటి దగ్గర చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అతికించడం చేస్తారు. ముక్కకు ఇంతని కూలి. ధర పెంచమని అడిగే వీలు తక్కువ.

కేకు పనిలో ధర నిర్ణయించేది చేసేవారే. చేతి నైపుణ్యమూ వీరికి కొత్త కాదు. సన్నని పిండిని వేళ్లతో మెలితిప్పి సకినాలు చుట్టే చెయ్యి, ముగ్గు గీత తెగకుండా లాగే చెయ్యి పైపింగ్ సంచిని త్వరగానే పట్టుకుంటుంది. జంతికల గొట్టం బిళ్ల మార్చినట్టే నాజిల్ మారిస్తే ఆకారం మారుతుంది. తేడా అంతా ఒత్తిడిలో, కోణంలో ఉంది. చుక్కలకు సంచి నిటారుగా, అంచులకు ఏటవాలుగా పట్టాలి.

అయితే చేయి తిరిగినంత మాత్రాన లాభం రాదు. ఉదాహరణకు ఒక కిలో కేకుకు సరుకులు 300 రూపాయలు, పెట్టె, అట్ట 40, గ్యాసు, కరెంటు 30 అనుకుందాం. పనికి నాలుగు గంటలు పడితే, గంటకు 75 చొప్పున కూలి 300. మొత్తం 670. పక్కవీధిలో 600కే ఇస్తున్నారని తానూ అదే ధరకు ఇస్తే, ఆ మహిళ తన కూలిలో 70 రూపాయలు వదులుకున్నట్టే. అరిగిపోయే సామాను, పాడైపోయే కేకులు, డెలివరీ ఈ లెక్కలో లేనే లేవు. తన సమయానికి వెల కట్టుకోకపోతే రాళ్లు అతికించే పనికీ దీనికీ తేడా ఉండదు.

అనుమతుల విషయానికొస్తే, ఇంటి నుంచి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు ఉండాలి. 2011 నాటి నిబంధనలు ఏటా 12 లక్షల రూపాయల లోపు టర్నోవర్ ఉన్నవారికి 100 రూపాయల వార్షిక రుసుముతో నమోదును ఏర్పాటు చేశాయి. 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్ఎంఈ పథకం చిన్న ఆహార పరిశ్రమల పెట్టుబడికి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రుణ అనుసంధాన రాయితీ ఇచ్చేలా రూపొందింది. కేకుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

ఫీజు కట్టే ముందు ఏం అడగాలి?

ఒక వర్క్‌షాపు మంచిదో కాదో తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలు చాలు. అభ్యాసానికి ఒక్కొక్కరికీ విడిగా కేకు ఇస్తారా, నలుగురికి ఒకటా? ఎందరికి ఒక గురువు? వాడే సరుకు ఒకే కంపెనీదా, ప్రత్యామ్నాయాలు చెబుతారా? ధర లెక్కగట్టడం, నిల్వ, లేబుళ్లు నేర్పుతారా? తరువాత సందేహం వస్తే ఎవరిని అడగాలి?

సర్టిఫికెట్ గురించి అడగడం కన్నా చివరి ప్రశ్న ముఖ్యం. ఒకరోజు శిక్షణ తర్వాత ఒంటరిగా మిగిలిపోయేవారే ఎక్కువగా మధ్యలో మానేస్తారు. ఒకే వీధిలో నలుగురైదుగురు నేర్చుకున్నవారు నెలకోసారి కలిసినా అదే ఒక క్లబ్. క్రీమ్, పెట్టెలు కలిసి కొంటే ధర తగ్గుతుంది. ఒకరికి ఆర్డరు ఎక్కువైతే మరొకరికి ఇవ్వొచ్చు. ఒకే ధరకు కట్టుబడితే ఒకరి కూలిని మరొకరు కోసే పోటీ కూడా ఉండదు. పనిలో బేరమాడే బలం ఎన్నడూ లేని మహిళలకు గులాబీ పువ్వు వేయడం కన్నా విలువైన పాఠం అదే.