చాటుమాటు రసికత్వము



కావ్యము నాస్వాదింపగల వానికి మన ఆలంకారికులు సహృదయుడని పేరిడిరి. హృదయము కలవాడని దాని తాత్పర్యము. హృదయమున్నచోట సిగ్గు కూడ నుండును. మనకు నిజముగా నచ్చిన పాట యొకటి, నచ్చినదని నలుగురిలో చెప్పుకొను పాట మరియొకటి యగుట లోకములో తరచుగా జరుగుచున్నది. ఆ రెంటి నడుమనున్న చాటుమాటును గూర్చియే నేటి నా ప్రసంగము.

మన విశాఖపట్టణములో కళాభారతి వంటి సభామందిరములకు పోయి చూడుడు. ముందు వరుసలలో తల యూచుచు, తొడపై తాళము వేయుచు గూర్చున్న పెద్దలు తని ఆవర్తనము మొదలుకాగానే కాఫీకై లేచిపోవుచుందురు. మార్దంగికుడు తన విద్యనంతయు చూపునది ఆ ఘట్టముననే గదా! చనువుగా అడిగినచో, "నాకు లెక్క అందదండీ, కూర్చుండిన చెయ్యి తప్పునేమోనని భయము" అని మెల్లగా చెప్పుదురు. ఇదే నగరములో సాయంకాలమున రామకృష్ణా బీచి యొడ్డున తిరుగు యువకులలో కొందరు విదేశీయ వాద్యబృందముల పేర్లచ్చువేసిన నల్ల చొక్కాలు తొడిగియుందురు. వారిలో నా యెరుకగల కుర్రవాడొకడు, "తాతగారూ, ఈ బృందము పాటలు రెండింటికంటె నెక్కువ వినలేదు. ఇంటికడ నేను వినునది మన సినిమా పాటలే. మావాళ్లతో మాత్రము అనకుడు" అని నన్ను ప్రార్థించెను. పెద్దాయన భయమునకును ఈ కుర్రవాని భయమునకును నాకు భేదము కనబడలేదు.

ఆ చొక్కా మీది సంగీతమెట్టిదో కొంచెము వివరించెదను. దానిని పంక్ రాక్ అందురు. 1974లో అమెరికాలోని న్యూయార్కు నగరమున రమోన్స్ అను బృందము బయలుదేరినది. 1976లో వెలువడిన వారి మొదటి రికార్డులో 14 పాటలున్నవి. అన్నియు గలిసి అరగంటకు లోపుగానే ముగియును. మన గాయకుడొక్క తోడిరాగాలాపనకు తీసికొను కాలములో వారు పదునాలుగు పాటలు పాడి పెట్టె సర్దుకొందురన్నమాట! గిటారుపై మూడు నాలుగు స్వరసంపుటములు వచ్చిన చాలును, ఎవడైనను వేదిక యెక్కవచ్చునని వారి మతము. పాండిత్యప్రకర్షకును, పెద్ద కంపెనీల వ్యాపారమునకును తిరుగుబాటుగా పుట్టిన సంగీతమిది. ఇంగ్లండులో నిరుద్యోగము ప్రబలిన ఆ సంవత్సరములలోనే సెక్స్ పిస్టల్స్, క్లాష్ మున్నగు బృందములు దీనిని అందిపుచ్చుకొన్నవి.

ఇక వింత చూడుడు. నియమములు వలదని పుట్టిన ఈ సంగీతమునకు కొలది కాలములోనే మన మడికట్టును మించిన నియమములు పుట్టినవి. పెద్ద కంపెనీకి పాడినవాడు అమ్ముడుపోయినవాడు. తీయని బాణీ నచ్చెనన్నవాడు పంక్తిబాహ్యుడు. సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్ పేరు పొందకపూర్వము పింక్ ఫ్లాయిడ్ అను ప్రసిద్ధబృందపు చొక్కాపై "నాకు ద్వేషము" అను మాటలు తన చేతితో వ్రాసికొని తిరిగెడివాడు. అతనిని బృందములోనికి తెచ్చిన వింతలలో ఆ చొక్కా యొకటి. ఆ బృందము నిజముగా తనకు ద్వేష్యము కాదని తరువాత చాలకాలమునకు అతడే చెప్పెను. 1977 జూలైలో లండనులోని క్యాపిటల్ రేడియోవారు అతనిని పిలిచి, నీకిష్టమైన రికార్డులు వినిపింపుమనిరి. అతడు తెచ్చిన వానిలో నీల్ యంగ్, టిమ్ బక్లీ మొదలగు పాతతరపు గాయకుల పాటలును, జమైకా ద్వీపపు రెగ్గే పాటలును ఉండెను. ఈతడింత రసికుడని లోకమునకు తెలియుట బృందము వ్యవహర్తయైన మాల్కం మెక్లారెనునకు రుచింపలేదు. మొరటుదనమే వారి సరకు గదా!

క్లాష్ గాయకుడు జో స్ట్రమ్మర్ అసలు పేరు జాన్ మెల్లర్. తండ్రి బ్రిటిషు విదేశాంగశాఖ యుద్యోగి. అతడు పుట్టినది టర్కీ రాజధాని అంకారాలో, చదివినది వసతిగల బడిలో. వీథి కుర్రవాండ్ర గొంతుకగా పేరొందినవానికి ఈ పుట్టుపూర్వోత్తరములు మోయరాని బరువైనవి. రమోన్స్ వారి ప్రసిద్ధమైన కేకకు ప్రేరణ బే సిటీ రోలర్స్ అను బృందపు పాట. అది పసిబాలికల వినోదమని పంక్ అభిమానులు పరిహసించిన బృందము! గురువులే యిట్లుండగా శిష్యులు చాటుగా వినుటలో విడ్డూరమేమున్నది?

ఈ సిగ్గునకు మూలమేమి? పాట చెవికి మాత్రమే సంబంధించినది కాదు. అది గుంపునకు గుర్తు కూడ. నేను వినుపాట నేనెవరివాడనో చెప్పును. కావున పాటను దాచుట యనగా వెలివడకుండ తన్ను తాను కాచుకొనుట. వయసు తక్కువైన కొలదియు ఈ భయ మధికము.

మన సీమలోను రహస్యముగా పాడుకొన్న పాటలకు కొదువలేదు. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పాటలు ప్రభుత్వమునకు కంటగింపైనవి. వాని కర్తలలో అగ్రగణ్యుడైన వంగపండు ప్రసాదరావుగారు పార్వతీపురము ప్రాంతమువారు. మన విశాఖ నౌకానిర్మాణశాలలో కార్మికుడుగా పనిచేసిరి. 2020లో స్వర్గస్థులైరి. ఆ పాటలను గూర్చి నేను రెండు తెగల రహస్యములు వింటిని. "ఆ రాజకీయము నాకక్కరలేదు గాని, ఆ దరువు విన్న కాలు నిలువదు" అని ఉక్కునగరములోని యొక యుద్యోగి చెప్పెను. "ఊరేగింపులో ఆ పాటలు పాడితిమి గాని, రాత్రి నిదురపట్టుటకు ఘంటసాలవారి యుగళగీతమే కావలసివచ్చెడిది" అని వేరొక వృద్ధ కార్మికుడు నవ్వెను. "ఏం పిల్లడో ఎల్దమొస్తవా" అను వంగపండువారి పాట 1986లో అర్ధరాత్రి స్వాతంత్ర్యమను చలనచిత్రములోనికి వచ్చినది. దానితో రెండు తెగలవారును ఒకే పాటను బాహాటముగా పాడుకొనగలిగిరి.

ఇంతవరకు చెప్పినది నవ్వుకొనదగినదే. కాని సిగ్గు శాసనమైనపుడు నవ్వు నిలువదు. హార్మోనియము మెట్ల మీద స్వరములు కదలవు, గమకము పలుకదు అని పండితుల యాక్షేపణ. అందులో సత్యము లేకపోలేదు. 1940 మార్చిలో ఆలిండియా రేడియో ఆ పెట్టెను తన వేదికనుండి బహిష్కరించెను. 1971 వరకును ఆ కట్టు సడలలేదు. మన తెలుగు పద్యనాటకమునకు ప్రాణము హార్మోనియము. పల్లెపల్లెను అది విని రాత్రులు జాగరము చేసిన జనమే, రేడియోలో దాని యూసెత్తుటకు జంకెను. ముప్పది సంవత్సరములు ఒక వాద్యము, దానిని నమ్ముకొన్న కళాకారులు గుమ్మము బయట నిలిచిరి. అట్లే 1952లో కేస్కరుగారు సమాచారశాఖామాత్యులైన పిమ్మట మన రేడియోలో సినిమా పాట సన్నగిల్లినది. జనము మానిరా? సిలోను రేడియో వైపు ముల్లు త్రిప్పిరి. తుదకు 1957 అక్టోబరులో వివిధభారతిని స్థాపించి, ప్రభుత్వమే ఆ పాటకు తలుపు తీసినది. శ్రోతలు తమ యిష్టమును దాచుకొన్నంత కాలము దానికి పనిచేయు కళాకారుని పక్షమున మాటాడువారుండరు. చాటుమాటు రసికత్వమువలన కలుగు నష్టమిదియే.

అట్లని అన్ని పాటలును సమానములని నేననను. త్యాగరాజస్వామి కృతికిని మూడు నిమిషముల కేకకును తూకము వేరు. తారతమ్యము తెలిసికొనుట విద్య. తనకు నచ్చినదానిని దాచుట విద్య కాదు. నచ్చినదానిని ముందొప్పుకొనిన పిదపనే, అది యేల నచ్చినదని మనస్సు ప్రశ్నించుకొనగలదు. లయయా, గొంతులోని జీరయా, బాల్యస్మృతియా? ఆ ప్రశ్నయే శ్రవణశిక్షణకు తొలిమెట్టు. అబద్ధమాడువానికి ఆ మెట్టు దొరకదు.

1933లో తెరచిన మన రేవునకు నానాదేశముల నావలు వచ్చుచున్నవి. 1992లో జాతి కంకితమైన మన ఉక్కు కర్మాగారమునకు నానాభాషలవారు పనికి వచ్చిరి. వారివెంట వారి పాటలును వచ్చినవి. ఇట్టి పట్టణమున ఒకే పాట వినుచున్నామని నటించుట వృథాశ్రమ. మీ యింట పిల్లవాడు గది తలుపు మూసి వినుచున్న పాట యేదో యొకసారి యడిగి చూడుడు. పరిహసింపక, అతనితో గూర్చుండి తుదివరకు వినుడు. పిమ్మట మీరు మూసిన తలుపు వెనుక వినుపాటను అతనికి వినిపింపుడు.

సెలవు.