గాజు తొట్టిలో చిట్టి రొయ్యలు

ఊరి చెరువు గట్టున కూర్చుని ఎప్పుడైనా నీళ్ళలోకి తేరిపార చూశారా? నాచు మధ్య గాజుముక్కలా ఏదో మెరుస్తుంది. చెయ్యి పెట్టగానే చటుక్కున వెనక్కి ఎగిరి మాయమవుతుంది. అదే మంచినీటి రొయ్య. ఇలాంటి చిట్టి రొయ్యలను ఇంట్లో పెంచవచ్చు, వాటి సంతానాన్నీ చూడవచ్చు. అయితే ఒక చిక్కుంది. మంచినీటిలో బతికే రొయ్యలన్నిటి పిల్లలూ మంచినీటిలో బతకవు!

ఉప్పులో ఉన్న కిటుకు

గోదావరి, కృష్ణా నదుల్లో పెరిగే నీలకంఠ రొయ్యనే చూడండి. తొట్టిలో దాని గుడ్లు పొదిగినా పిల్లలు కొద్ది రోజులకే చచ్చిపోయేవి. 1961లో మలేసియాలో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త ఈ చిక్కు విప్పాడు. పిల్లలకు కావలసింది ఉప్పు కలిసిన నీరు! సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఈ పిల్లలకు 12 గ్రాముల దాకా ఉంటే చాలు. తల్లి రొయ్య నది వెంట సముద్రం దగ్గరికి దిగివస్తుంది. పిల్లలు అక్కడ 11 దశలు దాటి, ఏటికి ఎదురీది వెనక్కి వస్తాయి.

ఇంటి తొట్టికి ఇది కుదరదు. మనకు తగినది రంగుచేపల దుకాణాల్లో దొరికే చెర్రీ రొయ్య. చైనా, తైవాన్ దీని పుట్టిల్లు. పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. దీని పిల్లలకు ఉప్పునీటితో పనిలేదు.

తొట్టిని సిద్ధం చేద్దాం

20 లీటర్ల గాజు తొట్టి చాలు. అడుగున కడిగిన ఇసుక పరచి, హైడ్రిల్లా మొక్కలు నాటండి. కుళాయి నీళ్ళను ఒక రోజు వెడల్పాటి బకెట్లో ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. గాలి పంపుకు స్పాంజి ఫిల్టరు తగిలించండి. ఇందులోకి పిల్లలు పీల్చుకుపోవు.

రొయ్యలను వెంటనే వదలకండి. మూడు నాలుగు వారాలు ఆగండి. ఎందుకు? రొయ్యల మలం నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని ముందు నైట్రైటుగా, తరువాత అంత హాని చేయని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఇసుకలో, స్పాంజిలో స్థిరపడాలి. నైట్రేటును మొక్కలు వాడుకుంటాయి.

రాగి బిందెలో నిలవ ఉన్న నీళ్ళు పోయకండి. వింత చూడండి! మన రక్తంలో ఇనుము ఉన్నట్టే రొయ్య రక్తంలో రాగి ఉంది. అయినా నీటిలో కరిగిన రాగి దానికి విషమే. దోమల మందు కూడా ఆ గదిలో కొట్టవద్దు. దోమా రొయ్యా రెండూ సంధిపాదులే కదా!

మే నెల గండం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో అసలు పరీక్ష ఎండాకాలం. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ను పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. వేడి పెరిగిన కొద్దీ రొయ్యకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి, దొరికేదేమో తక్కువ!

మట్టికుండ సూత్రం గుర్తు తెచ్చుకోండి. ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోతుంది. నీటి పైభాగానికి ఫ్యాను గాలి తగిలిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే నీరు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. కాబట్టి తగ్గిన నీటికి బదులు కఠిన జలమైన బోరు నీళ్ళు కాకుండా, పట్టి ఉంచిన వాననీరు పోయండి.

కుబుసం, గుడ్లు, పిల్లలు

ఒకరోజు తొట్టి అడుగున ఖాళీ రొయ్య కనబడుతుంది. చచ్చిందని బెంగపడకండి. అది కుబుసం. పెంకు సాగదు కనుక, పెరగాలంటే విడవాల్సిందే. ఎప్పుడు విడవాలో నిర్ణయించే హార్మోన్లలో ఒకటి కంటికాడల్లో తయారవుతుంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వరిపొలాల పీతల్లో ఈ కంటికాడ హార్మోన్లపై పరిశోధనలు చేశారు. కుబుసాన్ని పారేయకండి. అందులోని కాల్షియం కోసం రొయ్యలే దాన్ని తినేస్తాయి.

ఆడ రొయ్య కుబుసం విడిచాక జతకడుతుంది. తరువాత దాని పొట్ట కింద ఇరవై ముప్ఫై గుడ్లు గుత్తిగా కనిపిస్తాయి. ఈదే కాళ్ళతో వాటిని అస్తమానం విసురుతూ మంచి నీరు తగిలేలా చూస్తుంది. మూడు నాలుగు వారాల్లో రెండు మిల్లీమీటర్ల పిల్లలు బయటికొస్తాయి. అచ్చం తల్లి పోలికే! బడి ఆవరణలో రాలిన ఎండు బాదం ఆకును కడిగి వేయండి. దానిపై పెరిగే సూక్ష్మజీవులే పిల్లలకు మేత. తొట్టిలో చేపలుంటే మాత్రం పిల్లలు వాటికే మేత!

ఇక రెండు మాటలు. రొయ్యలు ఎక్కువైతే స్నేహితులకు ఇవ్వండి, చెరువులోనో స్వర్ణముఖిలోనో వదలకండి. పరాయిదేశపు జీవి మన చిట్టి రొయ్యల మేతను, చోటును ఆక్రమించవచ్చు. రెండోది, రోజూ నీటి ఉష్ణోగ్రత, కుబుసం విడిచిన రోజు, గుడ్లు కనిపించిన రోజు నోటుపుస్తకంలో రాయండి. వేడి నీటిలో గుడ్లు త్వరగా పొదుగుతాయా, ఆలస్యంగానా? ఆ జవాబును మీ తొట్టే చెబుతుంది.