బూజే మందు, కాకపోతే దాన్ని బతకనివ్వాలి

మురమళ్ళ అయినా ముమ్మిడివరం అయినా, కొబ్బరి మట్ట కింద సున్నంతో చుట్టలు గీసినట్టు తెల్లగా కనపడిందంటే అది సర్పిలాకార తెల్లదోమే. మన దేశంలో ఇది మొదట 2016లో పొల్లాచ్చి దగ్గర దొరికింది. ఆ తర్వాత మన తోటల్లోకీ పాకింది. ఆకు రసం పీల్చి తేనెలాంటి జిగురు వదుల్తుంది. అది కింది ఆకుల మీద పడి నల్లటి మసి పడుతుంది. ఆ మసీ బూజేనండి, కానీ ఈ కథలో మనకి కావాల్సిన బూజు వేరు.

దాని పేరు ఐసేరియా. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ తెల్లదోమ కోసం దీన్ని సిఫారసు చేసింది. మన అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం కూడా రైతులకి ఇదే చెప్తోంది. పొడి అయితే లీటరు నీళ్లకి 5 గ్రాములు కలిపి, ఆకు అడుగు బాగా తడిసేలా కొట్టాలి. పదిహేను రోజులకి మళ్లీ.

పురుగుమందులా దీన్ని పురుగు తినక్కర్లేదు. బీజం ఒంటికి అంటుకుంటే చాలు. తేమ తగిలి మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోయి, ఒళ్లంతా అల్లుకుపోతుంది. చావడానికి కొన్ని రోజులు పడుతుంది. చిక్కంతా ఇక్కడే. మనోళ్లు సాయంత్రం కొట్టి పొద్దున్నే చూసి, "ఏమీ చావలేదు" అని మర్నాడు రసాయనం కొట్టేస్తన్నారు. దాంతో తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ కూడా పోతుంది. కొన్నాళ్లకి దోమ మళ్లీ తయారు.

ఇది ప్రాణం ఉన్న సరుకు. మిట్టమధ్యాహ్నం ఎండలో కొడితే బీజం మాడిపోతుంది. శిలీంధ్రనాశిని కలిపిన డ్రమ్ములోనే ఇదీ కలిపితే మందే మందుని చంపేస్తుంది. ఎండలో పెట్టిన ప్యాకెట్టు, తేదీ దాటిన ప్యాకెట్టు కొనొద్దు. గోదావరి గాలి తేమ మనకి కలిసొచ్చేదే, చల్లబడ్డాక కొట్టండి.

కొమ్ము పురుగుకి ఇంకో బూజు ఉంది, మెటారైజియం. రష్యాలో మెచ్నికోవ్ 1879లోనే పంట పురుగుల మీద దీన్ని పరీక్షించాడు. కొమ్ము పురుగు చెట్టు మొవ్వు కొరికేది పెద్దయ్యాక, పిల్ల పురుగు పెరిగేది మాత్రం మన పెంటకుప్పలో. కాబట్టి ఈ మందుకి చెట్టెక్కే పని లేదు. కుప్పలో కలిపి తేమ ఆరకుండా చూస్తే చాలు, పురుగు చచ్చి పచ్చటి పొడి పట్టి కనపడుద్ది. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఖర్చు తక్కువ, ఫలితం కళ్లకి కనపడే పని.

నల్లి సంగతి మాత్రం వేరండోయ్. దానికి హిర్సుటెల్లా అనే బూజు ఉన్నా, నల్లి దాక్కునేది కాయ ముచ్చిక కింద. మందు అక్కడిదాకా పోవడం కష్టం. అన్నిటికీ ఒకటే ప్యాకెట్టని షాపులో అంటే, ఏ పురుగుకి ఏ బూజో లేబులు మీద చదివాకే డబ్బులు తియ్యండి.