బడి దాటిన మాస్టారు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో గుడివాడ బస్సెక్కుతాం. కిటికీ పక్కన ముక్కూమొహం తెలియని పెద్దమనిషి. ‘‘మాస్టారూ, కాస్త జరుగుతారా?’’ అంటాం. ఆయన బియ్యం వ్యాపారి కావచ్చు, రిటైరైన ఎల్ఐసీ ఉద్యోగి కావచ్చు. ‘‘నేను మాస్టారిని కానండీ’’ అనడు, సంచీ ఒళ్లోకి తీసుకుని జరుగుతాడు. దర్జీ కొట్లో టేపు మెడలో వేసుకున్నాయన కటింగ్ మాస్టారు. ‘‘మాస్టారూ, చంక దగ్గర కొంచెం లూజు ఉంచండి’’ అని బతిమాలుకుంటాం. రైల్వేలో స్టేషన్ మాస్టారు, సినిమాల్లో డాన్సు మాస్టారు, ఫైటు మాస్టారు. ఇంతమందికి సరిపోతున్న ఈ పిలుపు మనకు తెల్లవాళ్ల బడితో వచ్చింది.

వచ్చింది పరాయి మాటే అయినా ఇక్కడి నీళ్లు బాగా వంటబట్టాయి. మాస్టారి గొడుగు, మాస్టారింటికి, మాస్టారితో చెబుతా. విభక్తులన్నీ అచ్చ తెలుగు మాటకు పట్టినట్టే పట్టాయి. కొందరు మాష్టారు అని కూడా రాస్తారు. దీని చుట్టం ఒకటి అంతకుముందే పోర్చుగీసు ఓడల్లో దిగింది: మేస్త్రి. రెండింటి మూలం ఒకే లాటిన్ మాట. గోడ కట్టేవాడూ అక్షరాలు దిద్దించేవాడూ దాయాదులన్నమాట!

బడిలో మాస్టార్ల కంటే ముందు అయ్యవార్లు ఉండేవారు. దసరాకు పిల్లల చేతికి గిలకలిచ్చి ఇంటింటికీ తిప్పింది వాళ్లే. తర్వాత పంతుళ్లు. ‘బతకలేక బడిపంతులు’ అన్న సామెత ఆ జీతం సంగతి చెబుతుంది. ఇప్పుడు పంతులు గారంటే చాలామందికి పెళ్లి చేయించే పురోహితుడే గుర్తొస్తాడు. కానీ బెజవాడ సంగీతంలో పంతులు గారంటే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆయన శిష్యులే. ఆ శిష్యుడే విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ కళాశాలకు ఇప్పుడున్నది ఘంటసాల పేరు.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావును సినిమావాళ్లూ శ్రోతలూ మాస్టారనే పిలిచారు. 1974లో ఆయన పోయాక కూడా ‘ఘంటసాల మాస్టారు’ అనే అంటున్నాం. కూచిపూడిదీ ఇదే కథ. ఆ ఊళ్లో 1929లో పుట్టిన వెంపటి చినసత్యం మద్రాసు వెళ్లి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. 1998లో పద్మభూషణ్ వచ్చింది. శిష్యులకు మాత్రం 2012లో కన్నుమూసేదాకా ఆయన మాస్టారే. చేతి ముద్ర తప్పితే పట్టుకుని సరిచేసే పనికి ఆ పిలుపు నప్పింది. ఏ బిరుదూ దాని ముందు నిలవలేదు.

బడిలోనే సీను మారిపోయింది. కార్పొరేట్ కాలేజీల బెజవాడలో ఇప్పుడు ఫిజిక్స్ సార్, మ్యాథ్స్ సార్. పిల్లలకు సబ్జెక్టు తెలుసు, ఒక్కోసారి ఆయన ఇంటిపేరు కూడా తెలియదు. మన లెక్కల మాస్టారికైతే ఊళ్లో ఇల్లుండేది. సాయంత్రం అరుగు మీద ప్రైవేటు చెప్పేవారు. కొట్టు దగ్గర కనబడితే మనం చేతిలోది దాచుకునేవాళ్లం. నన్నడిగితే, సార్ పీరియడ్‌కు వస్తారు, మాస్టారు ఊళ్లో ఉంటారు. తేడా అదే.

అలాగని పాతదంతా బంగారమని నేననను. బెత్తం కూడా మాస్టారి చేతిదే. ఇంకో వెలితి ఉంది: ఇన్ని కొట్లకూ స్టూడియోలకూ పాకిన ఈ మాట పాఠం చెప్పే ఆడవాళ్ల దగ్గర ఆగిపోయింది. వాళ్లను పంతులమ్మ అన్నాం, టీచరు గారన్నాం, ఇప్పుడు మేడమ్ అంటున్నాం. మాస్టారు అని మాత్రం అనలేదు. అవనిగడ్డలోనో, కైకలూరులోనో, మరే ఊళ్లోనో ఒక్క ఆవిడనైనా అలా పిలిచేవారని మీకు తెలిస్తే, ఆ కబురు మాకు రాసి పంపండి.